చింతచెట్టును గుట్టుగా ఎండబెడదామంటున్నారు మా ఆయన... అత్తమ్మకు చెప్పాలా, వద్దా?

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. కుదించి ఇస్తున్నాం.

"మాది 250 గజాల పాత ఇల్లు. అత్తమ్మ పేరు మీద ఉంది. గేటు పక్కన మూలకు పెద్ద చింతచెట్టు. ఇల్లు కట్టిన ఏడే మామయ్య పెట్టారట, అంటే దాదాపు నలభై ఏళ్ళది. మామయ్య పోయి ఆరేళ్ళయింది. ఏటా కాయలు దులిపించి, ఎండబెట్టి, గింజలు తీసి, ఉప్పేసి జాడీలకెత్తి చుట్టాలందరికీ పంచడం అత్తమ్మకు పెద్ద పండగ.

పోయిన జూన్ గాలివానకు ఒక ఎండుకొమ్మ విరిగి పక్కింటివాళ్ళ కారు మీద పడింది. అద్దం పగిలితే మా ఆయన 18 వేలు ఇచ్చుకున్నారు. అప్పటి నుంచి మబ్బు పట్టిందంటే చాలు, ఆయనకు టెన్షన్. కరెంటోళ్ళు ఏటా వచ్చి వైర్లకు తగిలే కొమ్మలు నరికిపోతుంటారు. ఆకులన్నీ సంపులో పడతాయి. ప్రహరీ గోడ బీటలు వారింది. మూడేళ్ళ కింద వాకిలంతా సిమెంటు చేయించాం. అప్పటి నుంచి కాపు కూడా తగ్గింది. 'కాయని చెట్టు మనకెందుకు, కొట్టేసి కారుకు షెడ్డు వేద్దాం' అంటారు ఆయన. 'నేను పోయాక ఏమన్నా చేసుకోండి' అంటుంది అత్తమ్మ. సంక్రాంతి నుంచి తల్లీకొడుకులకు మాటల్లేవు.

ఇప్పుడు ఆయన స్నేహితుడెవరో ఉపాయం చెప్పాడట. చెట్టు మొదట్లో, మానుకు డ్రిల్లుతో రంధ్రాలు పెట్టి, వాటిలో మందు పోసి మట్టితో మూసేస్తే ఆరు నెలల్లో దానంతటదే ఎండిపోతుందట. అత్తమ్మ శివరాత్రికి ఆడబిడ్డతో కలిసి వేములవాడ వెళ్తోంది. ఆ రెండు రోజుల్లో పని కానిచ్చేద్దాం, నువ్వు నోరు మెదపకు అంటున్నారు. చెప్తే మొగుడికి ద్రోహం, చెప్పకపోతే ఆమెకు ద్రోహం. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఏం చేయమంటారు? చెట్టును మళ్ళీ కాయించే దారి ఉందా? దాని గింజతో పిల్ల మొక్క పెంచుకోవచ్చా? ఇంట్లో చింతచెట్టు అరిష్టమని ఎదురింటామె అంటోంది, నిజమేనా?"

అమ్మా,

శివరాత్రి దగ్గరపడుతోంది కాబట్టి ముందు ఆ మందు సంగతి మాట్లాడుకుందాం.

ఆ స్నేహితుడు చెప్పిన మందేమిటో మీకు తెలియదు. యాసిడ్ కావచ్చు, కలుపుమందు కావచ్చు. కలుపుమందుల్లో చాలా రకాలు పోసినచోటే ఉండిపోవు, చెట్టు లోపలంతా పాకుతాయి. ఇప్పుడు మీ చెట్టుకు కాయ ముదురుతూ ఉంటుంది. ఇంకో నెలా నెలన్నరకు చిగురు వస్తుంది. ఆ కాయ అత్తమ్మ జాడీలోకి, అక్కడి నుంచి పది ఇళ్ళకు పోతుంది. చిగురు మీ ఇంట్లోనే పప్పులో పడుతుంది. సంగతి తెలిసిన మీరు ఆ పప్పు పిల్లలకు వడ్డించగలరా? వడ్డించకపోతే కారణమేమని చెప్తారు? గుట్టు అక్కడే బయటపడుతుంది. మీ ఆయన ఇంతదూరం ఆలోచించి ఉండరని నా నమ్మకం. ఆయనతో మాట మొదలుపెట్టాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. నీతి, ద్రోహం లాంటి పెద్ద మాటలకన్నా 'ఈ చెట్టు మనం తింటున్నాం' అన్న మాట ఆయన చెవికి ఎక్కుతుంది.

రెండోది, మందు పోసినంత మాత్రాన పీడ వదలదు. నలభై ఏళ్ళ చింత అంత తేలిగ్గా చావదు. ఒక పక్క ఎండి, ఇంకో పక్క పచ్చగానే ఉండవచ్చు. ఒకవేళ పూర్తిగా ఎండినా, ఆ మాను మీ గేటు మీదే నిలబడి ఉంటుంది. ఆయన భయపడుతున్నది దేనికి? ఎండుకొమ్మ విరిగి పడుతుందని. చెట్టును చంపితే కొమ్మలన్నీ ఎండుకొమ్మలే. పైగా ఎండిన చెట్టెక్కడానికి చెట్లు కొట్టేవాళ్ళు జంకుతారు, ఏ కొమ్మ బరువాపుతుందో తెలియదు కనుక. ఎక్కినా రెట్టింపు కూలి అడుగుతారు.

మూడోది మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉంది. సొంత స్థలంలోని చెట్టైనా సరే, కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా కొడితే జరిమానా పడుతుంది. ఆ దరఖాస్తు మీద స్థలం యజమాని సంతకం కావాలి. అంటే ఏ దారిన వెళ్ళినా మీ ఆయన తల్లి దగ్గరికి రావలసిందే. ఎండిపోయిన చెట్టుకే అనుమతి అడిగినా, చూడటానికి వచ్చిన అధికారికి మొదట్లో వరసగా రంధ్రాలు కనిపిస్తే ఏమనుకుంటాడో మీరే ఊహించుకోండి.

ఇక చెప్పాలా వద్దా అన్న ప్రశ్న. మీ ముందు మూడు దారులున్నాయి.

నోరు మెదపకుండా ఉండటం మొదటిది. ఇవాళ్టికి గొడవ ఉండదు. కానీ చెట్టు రోజుకింత వాడిపోతుంటే అత్తమ్మ రోజూ దాని కిందే కూర్చుని 'ఏం తెగులు పట్టిందో' అని మీతోనే అంటుంది. మామయ్య పెట్టిన చెట్టు ఆయన వెంటే పోతోందని ఏడ్చినా ఏడుస్తుంది. ఆ ఆరు నెలలు ఆమె పక్కన కూర్చుని తెలియనట్టు ఉండాల్సింది మీ ఆయన కాదు, ఆయన పొద్దున వెళ్తే రాత్రికి వస్తారు. ఉండాల్సింది మీరు.

ఆయనకు తెలియకుండా అత్తమ్మకు చెప్పేయడం రెండోది. చెట్టు బతుకుతుంది. ఆమె వేములవాడ ప్రయాణం మానుకుని కొడుకును నిలదీస్తుంది, ఆడబిడ్డకు ఫోన్ చేస్తుంది, ఊరంతా తెలుస్తుంది. ఆయనకు మీ మీద నమ్మకం పోతుంది. ఆ దెబ్బ మానడానికి చాలా కాలం పడుతుంది. మిగతావన్నీ విఫలమైతే తప్ప ఈ దారి పట్టకండి.

మూడోది, ఆయనతోనే ముందుగా తేల్చి చెప్పడం. 'నేను వెళ్ళి అత్తమ్మకు చెప్పను. కానీ ఆమె అడిగితే అబద్ధం చెప్పను. మందు పోయడానికి నేను ఒప్పుకోను. దాని బదులు నీ భయం తీరే పని ఒకటి చేద్దాం, దానికి నేను తోడుంటాను' అనండి. ఆయనకు కోపం వస్తుంది. రెండు రోజులు ముభావంగా ఉంటారేమో. అయినా ఆయన చేతికి ఇంకో ఉపాయం ఇచ్చారు కాబట్టి ఆ కోపం నిలవదు. నా మొగ్గు దీనివైపే. అయితే ఆయన కోపం ఏపాటిదో మీకు తెలిసినంత నాకు తెలియదు. ఒంటరిగా చెప్పడానికి జంకుగా ఉంటే ఆయన మాట మన్నించే మనిషిని, బావగారినో మేనమామనో, పక్కన పెట్టుకుని చెప్పండి.

ఆ ఇంకో ఉపాయం ఏమిటో చెప్తాను. మీ ఆయన ఫిర్యాదులు ఒక్కొక్కటీ విడదీసి చూస్తే చెట్టు తప్పు కొంతే.

ముందు కొమ్మ సంగతి. చింత గట్టి కర్ర, వేరు లోతుకు పోతుంది, గాలికి తట్టుకుంటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు మీదికెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉంది. మీ దగ్గర విరిగింది పచ్చికొమ్మ కాదు, ఎండుకొమ్మ. అది ఎందుకు ఎండింది? కరెంటోళ్ళు ఏటా నరికిపోతున్నారని మీరే రాశారు. వాళ్ళు వైరుకు అడ్డం లేకుండా చూసుకుంటారు, చెట్టు సంగతి వాళ్ళకెందుకు? మధ్యలో నరికేసిన కొమ్మ మోడు మానదు. దానిలోకి నీళ్ళు దిగి పుచ్చుతుంది, ఆ పుచ్చు వెనక్కి పాకుతుంది. ఒక వాన కాకపోతే ఇంకో వానకు పడుతుంది. ఇప్పుడు చెట్టు మీద అలాంటి మోడులు ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టించడం మొదటి పని.

ఇది మీరే సగం చేయవచ్చు. చింత ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు. ఎండలు బాగా ముదిరితే కాస్త ఆకు రాలుస్తుందేమో గానీ ఇప్పుడు మాత్రం ఆకు లేని కొమ్మ కనిపిస్తే అనుమానించాల్సిందే. అందినంత వరకు గోరుతో బెరడు గీరి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికి ఉన్నట్టు. గోధుమరంగులో పొడిపొడిగా ఉంటే ఎండినట్టు. మాను చుట్టూ చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్ళండి. ఒకచోట డొల్ల శబ్దం వచ్చినా, మొదట్లో పుట్టగొడుగుల్లాంటివి గట్టిగా అట్టకట్టి ఉన్నా, రెండు పెద్ద కొమ్మలు చీలే చోట నిలువు పగులు కనిపించినా అది పైపైన కొమ్మలు కొట్టిస్తే తీరే సంగతి కాదు. తెలిసినవాళ్ళు చూడాలి. ఆ లక్షణాలు నిజంగా ఉంటే మీ ఆయన మాటే రైటు, అప్పుడు చెట్టు తీసేయడం గురించి అత్తమ్మతో మనసు విప్పి మాట్లాడాలి. చెట్టు మీద ప్రేమతో మనుషుల్ని ప్రమాదంలో పెట్టమని నేను చెప్పను.

మాను గట్టిగా ఉంటే మాత్రం కాయ దులిపాక, మార్చి ఆఖరుకు కొమ్మలు కొట్టించండి. ఎండువన్నీ, పక్కింటి మీదికి వంగినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీయాలి. మొత్తం మీద నాలుగో వంతు మించి పచ్చదనం తీయనివ్వకండి. మన దగ్గర కొట్టేవాళ్ళకు ఒక అలవాటు ఉంది: డబ్బిచ్చారు కదా అని తల మొత్తం తీసేసి మొండి చేసి పోతారు. ఇంటివాళ్ళూ ఇక రెండేళ్ళు బెడద లేదని సంతోషిస్తారు. ఆ మొండి మీద గుబురుగా వచ్చే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, నాలుగేళ్ళకు అవే విరిగి పడతాయి. కోసేటప్పుడు మీరో మీ ఆయనో దగ్గర నిలబడండి. పెద్ద కొమ్మైతే ముందు కింది నుంచి కొంత లోతుకు రంపం పెట్టాలి, తర్వాత కాస్త అవతలగా, కొమ్మ చివరివైపు, పైనుంచి కోయాలి. అలాగైతే కొమ్మ పడేటప్పుడు మాను బెరడు చీలదు. చివరికి మిగిలిన ముక్కను, కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉంటుందే, ఆ ఉబ్బు మానుకే ఉండేలా దాని బయటివైపు కోయాలి. ఉబ్బును చెక్కేయకూడదు. గాయం మానేది దాని వల్లనే. వైర్లవైపు కొమ్మలు కొట్టే రోజున కరెంటు ఆఫీసులో చెప్పి సరఫరా ఆపించుకోండి.

కాపు తగ్గడం గురించి. చింత ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు తగ్గించడం మామూలే. కానీ మీ చెట్టు వరసగా మూడేళ్ళు తగ్గింది, సిమెంటు పోయించింది కూడా మూడేళ్ళ కిందటే. ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు అనిపిస్తోంది. మాను చుట్టూ సిమెంటు బిగిస్తే వాననీరు వేళ్ళకు దిగదు, గాలి ఆడదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మీరు కూడా కనీసం ఆ మీటరు పగలగొట్టించండి. గేటు దారికి అడ్డం రాకపోతే ఇంకొంచెం తీసినా మంచిదే. గడ్డపలుగుతో లోతుగా తవ్వనీయకండి, వేళ్ళు తెగుతాయి. పైమట్టి గుల్ల చేసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు తట్టలు వేసి, రాలిన చింతాకునే దాని మీద పరిచేయండి. ఎరువు మానుకు ఆనకూడదు, జానెడు ఎడంగా ఉండాలి. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి పైపు సన్నగా వదిలి గంటసేపు నేల తాగనివ్వండి. మే, జూన్‌లలో కొత్త రెమ్మల మీద పూత వస్తుంది. పసుపు మీద ఎర్ర గీతలతో చిన్న పూలు, అత్తమ్మకు బాగా తెలుసు. వచ్చే ఏడే విరగకాస్తుందని ఆశ పెట్టుకోకండి, కొమ్మలు కొట్టించిన ఏడు కాస్త తక్కువే కాయవచ్చు.

సంపుకు గట్టి మూత, మూత అంచులకు దోమల మెష్. మామూలు వల పనికిరాదు, చింతాకు అంత సన్నం. ప్రహరీ బీటకు చెట్టు వేరు కారణమైతే ఆ రెండు మూడు గజాల గోడ విప్పి, వేరు మీదుగా చిన్న బీమ్ వేసి మళ్ళీ కట్టవచ్చు. ఇంటి గోడకు గానీ బీట వచ్చి ఉంటే సివిల్ ఇంజినీరుకు చూపించకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

అరిష్టం సంగతి ఎదురింటామెకే వదిలేయండి. ఊళ్ళల్లో చింతచెట్టు కింద రాత్రిపూట పడుకోవద్దంటారు, మీరెలాగూ పడుకోవడం లేదు. నలభై ఏళ్ళు ఆ నీడన కాపురం చేసిన అత్తమ్మనే అడగండి, ఏం అరిష్టం జరిగిందో.

ఇదంతా చేశాక కూడా మీ ఆయన కారు షెడ్డే కావాలంటే? అది తప్పుడు కోరిక కాదు. కొత్త కారు రోడ్డు మీద పెట్టి నిద్రపట్టక దొర్లే బాధ హైదరాబాద్‌లో ఎందరికో తెలుసు. అప్పుడు తల్లిని ఒప్పించి, అనుమతి తీసుకుని, పగలు అందరూ చూస్తుండగా కొట్టించాలి. అయితే దాని ఖర్చు కూడా చెప్పుకోవాలి: కొట్టే కూలి, మొద్దు పెకలించే పని, మే నెలలో వాకిలి, ముందుగది వేడెక్కడం, వీటన్నిటికన్నా అత్తమ్మ మౌనం. చెట్టును వేళ్ళతో లేపి వేరేచోట నాటించవచ్చని ఎవరైనా చెప్పవచ్చు. రోడ్ల పనులప్పుడు, మెట్రో పనులప్పుడు నగరంలో అలా చేశారు. మీ సందులోకి క్రేన్ రావాలి, అంత వయసు చింత మళ్ళీ నిలదొక్కుకోవాలి, ఖర్చు భారీగా ఉంటుంది. మీకు నేను సిఫార్సు చేయను.

ఒకటి గమనించండి. అత్తమ్మ కొట్టవద్దంటోంది, మీ ఆయన భయం పోవాలంటున్నారు. ఈ రెండూ ఎదురుబొదురు కోరికలు కావు. 'ఎండుకొమ్మలు తీయిస్తాం, నీ చెట్టు ఉంటుంది, ఒక ఏడాది చూద్దాం' అని కొడుకు నోటితో వినగానే ఆమె సగం దిగివస్తుందని నా అంచనా. ఏ కొమ్మ తీయాలో ఆమెనే కుర్చీ వేసుకుని చెప్పమనండి. తల్లీకొడుకులు మాట్లాడుకోవడానికి అదొక సాకు.

పిల్ల మొక్క గురించి మాత్రం కొంచెం నిరుత్సాహపరుస్తాను. ఇవాళ 250 గజాల ఇంట్లో కొత్తగా చింత నాటుతానంటే వద్దంటాను. తోటల్లో చెట్టుకీ చెట్టుకీ పది మీటర్ల ఎడం ఇస్తారు. ఊళ్ళో పొలం గట్టో, ఖాళీ జాగానో ఉంటే అక్కడ పెట్టండి. గింజను రాత్రంతా నానబెట్టి, రెండు సెంటీమీటర్ల లోతున కవర్లో పెడితే వారం రెండు వారాల్లో మొలుస్తుంది. ఎండ బాగా తగలాలి, నీళ్ళు నిలవకూడదు, మొదటి రెండేళ్ళు ఎండాకాలంలో నీళ్ళు మరవకూడదు. గింజ మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. తల్లి పులుపే వస్తుందని కూడా చెప్పలేం. త్వరగా కాపు కావాలంటే నర్సరీల్లో తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 లాంటి రకాల అంట్లు దొరుకుతాయి. నాలుగైదేళ్ళకే కాస్తాయి. కానీ మీకు కావలసింది మామయ్య పెట్టిన చెట్టే కదా? అయితే గింజతో పాటు అంటు కూడా కట్టించాలి. ఈ ఏటి కాయల్లోంచి పాతిక గింజలు తీసి ఇప్పుడే కవర్లలో వేయండి. ఏడాది తిరిగేసరికి అవి అంటు కట్టడానికి పనికొస్తాయి. వాటి మీద మీ చెట్టు లేత కొమ్మ తెచ్చి కట్టాలి. నర్సరీలో చేయి తిరిగిన మనిషిని పిలవండి. చెట్టు ఉంచాలా, తీయాలా అన్నది తేలకపోయినా ఈ పని ఆపకండి. చివరికి కొట్టాల్సి వచ్చినా, అంట్లు పట్టాయని తేలాకే రంపం పెట్టనివ్వండి.